బర్రె తిన్న పగ్గం, బావిలో దిగిన మోకు

మా బర్రె పగ్గం తిన్నది. ఎవరిదో కాదు, తనను కట్టేసిన పగ్గాన్నే. గుంజ దగ్గర మొదలుపెట్టి మెడదాకా, జొన్నచొప్ప నమిలినంత నింపాదిగా తిన్నది. నేను ఏం చెప్పినా మా ఊరివాళ్లు సగం కోసిపారేసి మిగతా సగమే ఇంటికి పట్టుకెళ్తారు. ఈ ఒక్క సంగతిలో కోయడానికి ఏమీ లేదు. ఆ పొద్దున బర్రె మెడలో మిగిలిన నారకుచ్చును చూసినవాళ్లు మా వాడకట్టులో ఇంకా ఉన్నారు, వాళ్లనే అడగవచ్చు.

అవి ఎనభైల మధ్య రోజులు. కల్వకుర్తికి కొంచెం ఇవతల, శ్రీశైలం బస్సులు దుమ్ము లేపుకుంటూ పోయే రోడ్డు పక్కన మా ఊరు. ఎర్రనేల, రాళ్లగుట్టలు, ఆముదపు చేన్లు. చేన్ల గట్ల మీద కంచెకు బదులు కిత్తనార పెంచేవారు. చూడనివాళ్లకు చెబుతున్నాను, ఆ మొక్క నేలలోంచి కత్తుల కట్ట మొలిచినట్టుంటుంది. మట్ట అంచులకు ముళ్లు, కొనకు సూది. మా గట్టు మీది మట్టల నీడలో రెండు ఎడ్లబండ్లు విప్పుకునేవారు. సరే, ఒక బండి. సరే, ఒక మేకపిల్ల పడుకునేది. ఆ మట్టల కడుపులో మాత్రం తెల్లటి, పొడుగాటి నార దాక్కుని ఉండేది. అది నిజం.

మా ఇంట్లో పగ్గం దగ్గర్నుంచి మోటకు కట్టే లావుపాటి మోకు దాకా అన్నీ ఆ నారతో అమ్మే పేనేది. బాపు మట్టలు కోసుకొచ్చి వాకిట్లో పడేసేవాడు, అంతే. అమ్మ వాటిని బండ మీద పెట్టి కొయ్యసుత్తితో నలగ్గొట్టి, కట్టలు కట్టి కుంటలో రాళ్ల కింద నానేసేది. వాటిని ఎప్పుడు తీయాలన్నది అమ్మ ముక్కుకు మాత్రమే తెలుసు. తొందరపడితే మట్ట కండ నారను వదలదు. ఆలస్యమైతే కండతో పాటు నార కూడా మురిగిపోయి, పేనేటప్పుడు పుటుక్కుమంటుంది. అమ్మ పొద్దున్నే కుంట గట్టున నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఇంక జర కావాలె" అని తిరిగి వచ్చేది. ఆ కంపు భరించలేక కుంటలోని కప్పలన్నీ పిల్లాపాపలతో అచ్చంపేట అడవికి వలస పోయాయని నేను ఊళ్లో చెప్పేవాణ్ని.

తీసిన నారను మొద్దుకత్తితో గీకి, కడిగి, ఆ తర్వాత తుమ్మచెక్క నీళ్లలో వేసేది. తుమ్మచెట్టు బెరడును కాగులో ఉడికిస్తే నీళ్లు ఇటుకరంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు తాగిన నార తడిలో మురగదు, పురుగు దాన్ని ముట్టదు. నీడన ఆరబెట్టి, పేని, చివర ఆముదం రాసేది. అప్పుడే అది బావికి పనికొచ్చే మోకు. మా బావికి ఇంకా కరెంటు రాలేదు. ఎడ్లు వాలుబాటలో కిందికి నడుస్తుంటే, మోకు గిలక మీదుగా సాగి పెద్ద బొక్కెనను పైకి లేపేది. నడుమ మోకు తెగిందా, ఎడ్లు బోర్లా పడతాయి, బొక్కెన బావిలో పడుతుంది, చేను ఎండుతుంది. అందుకే మా ఇంట్లో దేవుడి గూటికి ఎంత మర్యాదో, మోకు వేలాడే కొయ్యకు అంత మర్యాద.

అలాంటి ఇంటికి నారాయణపేట నుంచి కోడలు వచ్చింది. అంటే, నా పెళ్లయింది.

మా ఇంటామె పుట్టింట్లో మగ్గం ఉండేది. వీధి పొడుగునా మగ్గానికి ఎక్కించే పడుగు పోగులు సాగదీసి కట్టడం, వాటికి గంజి పట్టించడం, పొడుగాటి కుంచెతో దువ్వుతూ ఆరబెట్టడం ఆమెకు పళ్లు తోముకున్నంత మామూలు. గంజి పట్టిన పోగు మగ్గం మీద తెగదు. కాపురానికి పంపేటప్పుడు వాళ్లమ్మ పెట్టెలో చీరల మధ్య ఒక కుంచె కూడా పెట్టింది. మగ్గం లేని ఇంటికి కుంచె ఎందుకో ఆమెకే తెలియాలి.

కొత్తలోనే ఒకసారి అమ్మ తన తమ్ముడి ఊరికి పోయింది. వాకిట్లో గీకి ఆరేసిన నార ఉంది, ఇంకా తుమ్మచెక్క నీళ్లు చూడనిది. బర్రె పగ్గం చూస్తే పాతబడింది. అత్త వచ్చేలోగా కొత్త పగ్గం పేని మెప్పు పొందాలనుకుంది మా ఇంటామె. గంజి లేకుండా పోగు ఎలా నిలుస్తుందని ఆమె నమ్మకం. జొన్నపిండితో చిక్కటి గంజి కాచి, కాస్త నూనె కలిపి, పోగు పోగుకూ పట్టించి పేనింది. ఏం పగ్గం అది! నున్నగా, నిగనిగలాడుతూ, పాములా నిటారుగా నిలబడింది. బాపు చేత్తో పట్టుకుని మురిసిపోయాడు.

"గీ పగ్గంతోని బర్రెను కట్టాల్నా బిడ్డా, పెండ్లికొడుకు తలకు చుట్టాల్నా?"

బర్రెనే కట్టాము. తెల్లవారేసరికి బర్రె పక్కింటివాళ్ల జొన్నచేన్లో ఉంది.

అమ్మ తిరిగొచ్చి వాకిట్లో నిలబడింది.

"పగ్గమేదే పిల్లా?"

"బర్రె తిన్నదత్తమ్మా."

"పగ్గం తినుడేంది?"

"జొన్నగంజి పెట్టిన."

అమ్మ కాసేపు కోడలిని, కాసేపు బర్రెను చూసింది. బర్రె కూడా అమ్మను చూసింది, ఇంకా ఉందా అన్నట్టు.

"ఉప్పు గూడ ఏసినవా?"

"ఉప్పెయ్యలే. నూనె ఏసిన."

బాపు కండువా నోట్లో కుక్కుకుని కొట్టం వెనక్కి పోయాడు. నేను నవ్వాను. ఆ నవ్వుకు నాకు చాలాకాలం చల్లారిన అన్నమే దొరికింది.

వాడకట్టు ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏమక్కా, మీ కోడలు పగ్గం వండిందట, గిన్నెడు మాకు పంపరాదు?" "దాంట్లకు కూరేం చేసింది? పుంటికూరనా?" అని అమ్మను కనిపించిన చోటల్లా ఆపి అడిగేవారు. అమ్మ ఇంట్లోకి వచ్చి కోడలితో ఒకే మాట అన్నది.

"నార ముట్టకు పిల్లా. నీది నూలు పట్టిన చెయ్యి. ఇది ముండ్లమొక్క, నీ మాట వినది."

మా ఇంటామెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లతో పాటు పంతం కూడా తిరిగింది.

"నేను పేనిన మోకు గీ బావిల దిగేదాక నేను పుట్టింటి గడప తొక్క."

"తొక్కకుంటే మాయె" అన్నది అమ్మ.

అన్నదే కానీ, అన్న మరుక్షణం నుంచే అమ్మకు తోచలేదు. ఎందుకంటే మా ఇంటామెకు పుట్టింటి మీద ఎంత బెంగో అందరికీ కనబడేది. రోడ్డు మీద నారాయణపేట దిక్కుకు, మహబూబ్‌నగర్ పోయే బస్సు హారన్ వినబడితే చాలు, రోకలి పట్టిన చెయ్యి ఆగిపోయేది. బస్సు దూరమయ్యాక దంచడం మళ్లీ మొదలయ్యేది, ముందుకంటే గట్టిగా. పండుగకు వాళ్లన్న తీసుకుపోవడానికి వస్తే, తమ్ముళ్లను అడిగానని చెప్పమని పంపేసింది. ఆ పూట అమ్మ కూడా సరిగా తినలేదు. కానీ అన్న మాట ఎవరు వెనక్కి తీసుకోవాలి?

దానికి అమ్మ ఒక దారి కనిపెట్టింది. నార పని చేసేటప్పుడు బర్రెతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"చూడే, తుమ్మచెక్క లేతది తేవద్దు. ముదురుది కావాలె. ఇంటున్నవా?" అనేది బర్రెతో. "నారను ఎండల ఏసినవో, పెళుసైతది. నీడకే ఆరాలె. అర్థమైందా లేదా?"

బర్రె చెవులు ఆడించేది. గోడ వెనక మా ఇంటామె చెవులు కూడా ఆడించేదని నా అనుమానం. కుంట దగ్గరికి కూడా అమ్మ బర్రెను తోలుకుని పోయి, "ఆఁ, గిదే వాసన. నిన్నటిది వేరు, గిది వేరు. ముక్కుకు పట్టిందా?" అని అడిగేది. వెనకాల కుండ పట్టుకుని నీళ్లకన్నట్టు మా ఇంటామె వెళ్లేది. బర్రెకు అన్ని పాఠాలు చెప్పిన అత్తను నేను మరెక్కడా చూడలేదు. అది పగ్గం ఒక్కటే తిన్నదని అనుకోకండి, ఆ విద్యంతా విని కూడా ఊరికే నెమరేసింది.

నా వంతు పని నేను రోడ్డు పక్క చాయ్ హోటల్లో చేస్తున్నాను. ఆ హోటలాయనను ఊరంతా చాచా అని పిలిచేది. చాయ్‌తో పాటు అప్పుడప్పుడే వస్తున్న రంగు రంగుల ప్లాస్టిక్ తాళ్లు కూడా అమ్మేవాడు.

"గిది చూడు బేటా, నీళ్లల్ల నానది, గంజి పెట్టే ఫికర్ లేదు, బర్రె తినది" అని నన్ను గిల్లేవాడు.

ఇంటామె పరువు కాపాడటం మొగుడి ధర్మం కదా. "చాచా, మా ఇంటామె ఇప్పుడు పేనుతున్న మోకు ముంగట నీ ప్లాస్టిక్ తాడు దారప్పోగు. మొన్న శ్రీశైలం బస్సు గుంటల దిగబడితే గా మోకేసి నేనొక్కణ్నే లాగిన. డ్రైవర్ దిగి నా కాళ్లకు మొక్కిండు."

"మొన్న బస్సులు బంద్ గద, ఒక్కటి గూడ రాలే."

"అందుకే నువ్వు చూడలే."

"ఏనుగును లేపుతదా?"

"ఏనుగు మీద కూసున్న రాజుతోని సహా లేపుతది."

హోటలంతా నవ్వేది. నిజానికి అప్పటికి ఆ మోకు ఇంకా పేననే లేదు.

పేనిన రోజు నాకు బాగా గుర్తుంది. తుమ్మచెక్క నీళ్లలోంచి తీసిన నారను మా ఇంటామె పురులుగా వడికి, తడి ఆరకముందే వాడకట్టులో నీడపట్టున ఒక కొసను బండిచక్రానికి, ఇంకో కొసను వేపచెట్టుకు కట్టి బిగలాగింది. పుట్టింటి పెట్టెలోంచి కుంచె తీసి, ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వడం మొదలుపెట్టింది, అచ్చం పడుగును దువ్వినట్టే.

అమ్మ గడపలో నిలబడి చూసింది. ఆ రోజు బర్రెతో కాకుండా నేరుగా అడిగింది.

"ఏందిది, మోకుకు జడేస్తున్నవా?"

"దువ్వితే పోగులన్నీ ఒక్క దిక్కుకు పండుకుంటయత్తమ్మా. బిగలాగి ఆరబెడితే మళ్ల లేవవు. బరువు పడ్డప్పుడు అన్నీ కలిసి మోస్తయి. వంకర ఉన్న పోగు తప్పించుకుంటది, సక్కగున్న పోగు ఒక్కటే మోసి తెగుతది."

"గంజి?"

"పెట్టలే."

అమ్మ లోపలికి పోయి ఆముదం గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టింది. కోడలికి ఇచ్చినట్టు కాదు, అక్కడ మరిచిపోయినట్టు.

మోకు తయారైంది. ఎర్రగా, నున్నగా, చేతికి బరువుగా ఉంది. కొయ్యకు వేలాడదీశారు. వేలాడుతూనే ఉండిపోయింది. "పాతది తెగలేదు గద, కొత్తది ఎందుకు నానెయ్యాలె?" అన్నది అమ్మ. అమ్మ పేనిన పాత మోకేమో తెగదు. అది తెగితే గానీ ఇది బావిలో దిగదు. ఇది దిగితే గానీ మా ఇంటామె బస్సెక్కదు. అరగంటకోసారి మోటబావి దగ్గరికి పోయి పాత మోకును ఆశగా చూసిన అల్లరి మనిషి ఒకడున్నాడు, వాడి పేరు ఇక్కడ అనవసరం.

ఎండాకాలం వచ్చింది. బర్రె చూడితో ఉంది, ఇవాళో రేపో అన్నట్టుంది. బావి అంచున కాస్త పచ్చగడ్డి మిగిలితే దానికోసం మెడ చాచింది. అంచు కూలింది. బర్రె బావిలో పడింది.

నేను రోడ్డు మీదికి ఉరికాను. "మా బర్రె బావిల పడ్డది! రాండ్రి!"

చాచా హోటల్లో అందరూ లేచారు. ఎంత తొందరగా లేచారో చూసి నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత తెలిసింది, వాళ్లెవరూ నమ్మి రాలేదు. ఈ అబద్ధాన్ని బావి దాకా ఎట్లా తీసుకుపోతాడో చూద్దామని వచ్చారు. దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చినవాళ్లు బావిలోకి తొంగి చూసి ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. అడుగున బురదనీళ్లలో బర్రె మెడ మాత్రం పైకి పెట్టి రొప్పుతోంది.

బాపు పాత మోకును గిలక దగ్గర పట్టి చూశాడు. ఒరుసుకున్న చోట పోగులు లేచి ఉన్నాయి. "ఇది బొక్కెనకు చాలు. బర్రెకు చాలది" అన్నాడు.

చాచా తన ప్లాస్టిక్ తాడు తెచ్చాడు. బాపు దాన్ని చెట్టుకు ముడేసి, కాలు తన్నిపెట్టి గుంజాడు. ముడి జారి బాపు వెల్లకిలా పడ్డాడు. ఇంకొకరు ముడేశారు, అదీ జారింది. చాచా తాడును మెల్లగా చుట్టి వెనక పెట్టుకున్నాడు.

అప్పుడు మా ఇంటామె కొత్త మోకును భుజాన వేసుకుని ఉరుక్కుంటూ వచ్చింది. వచ్చి అమ్మ ముందు ఆగింది. బావికి ఏది దిగాలో చెప్పేది అమ్మే కదా. అమ్మ ఆ మోకును అందుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేతిలోంచి జారనిచ్చింది. ఒకచోట ఆపి వాసన చూసింది. చూసి, కోడలి వైపు కాదు, నా వైపు తిరిగింది.

"చేతులు లేపు" అన్నది.

నా నడుముకు అమ్మే కట్టింది. మోకు ముందు నన్ను దించాలి, నేను బర్రె పొట్ట కింద గోనెసంచులు పెట్టి, అదే మోకును దానికి కట్టాలి. తెల్లచొక్కా మీద ఆ ఎర్ర మోకు బిగుసుకుంటుంటే, నేను ఊళ్లో చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"దిగు బేటా" అన్నాడు చాచా. "ఏనుగును లేపుతదన్నవ్ గద. నువ్వెంత?"

"చాచా, నేను చానా అంటుంట."

ఎవరూ నవ్వలేదు. మా ఇంటామె నా దగ్గరకొచ్చి ముడిని ఒకసారి లాగి చూసింది.

"నువ్వు చెప్పినవి నాకు తెల్వదు. నేను మాత్రం అబద్ధం పేనలే. దిగు."

దిగాను. బావిలోంచి చూస్తే ఆకాశం రొట్టెంత ఉంది, దాని చుట్టూ ఊరి తలకాయలు. బురదలో తడుముతూ సంచులు పొట్ట కిందికి తోసి, ముడి వేశాను. బర్రె మూతి చాపి మోకును ఒకసారి నాకింది. తుమ్మచెక్క చేదుకు మూతి తిప్పుకుంది. ఆ కష్టంలో కూడా నాకు నవ్వొచ్చింది.

పైన మా ఎడ్లకు పక్కింటివాళ్ల ఎడ్లను కూడా జతచేశారు. మనుషులూ పట్టారు. బాపు అదిలించాడు. మోకు బిగిసింది. దానిలోంచి ఎర్రనీళ్లు చుక్కలు చుక్కలుగా నా ముఖం మీద పడ్డాయి. గిలక ఏడ్చినట్టు మూలిగింది. బర్రె కాళ్లు బురద విడిచాయి. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. నేను ఎక్కడ నిలబడ్డాను? బర్రె కింద. నా తల మీద బర్రె, బర్రె మీద మా ఇంటామె పేనిన మోకు, నాకూ దేవుడికీ నడుమ ఇంకేమీ లేదు. బావి గోడకు బల్లిలా అతుక్కుపోయి పైకి చూస్తూ నిలబడ్డాను. ఒక్క పోగు తెగిన చప్పుడు కూడా వినబడలేదు.

బర్రె గట్టెక్కింది. దాన్ని చూసిన సంతోషంలో నన్ను కాసేపు మరిచిపోయారు. తర్వాత మోకు నాకోసం మళ్లీ దిగింది.

నేను పైకి వచ్చేసరికి అమ్మ బర్రె పొట్ట మీద చెయ్యి పెట్టి దూడ కదులుతోందని చూసుకుని, దాని ఒళ్లు తుడుస్తూ మాట్లాడుతోంది. "చూసినవానే, గీ మోకును మాత్రం తినకు." ఆ తర్వాత తల తిప్పి కోడలితో, "దిగింది గద బావిల. రేపు పొద్దటి బస్సుకు మీ అమ్మకాడికి పో. పదిదినాలుండి రా" అన్నది.

మా ఇంటామె మోకును చుట్టలు చుడుతూ తల అడ్డంగా ఊపింది.

"రేపెట్ల పోత అత్తమ్మా? కుంటల నార ఉన్నది. పొద్దుగాల వాసన చూసి ఇంక జర కావాలని నువ్వే అంటివి గద. నేను పోతే దాన్ని ఎవరు తీస్తరు?"

"నేను చచ్చిన్నా?"

"నువ్వు తీస్తవ్. దువ్వేదెవరు?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచిందో, ఇంకేదైనా దాచిందో నాకు కనబడలేదు. నార తీసి, ఆరబెట్టి, ఆ తర్వాత అత్తా కోడలూ ఇద్దరూ కలిసి బస్సెక్కాలని అక్కడే ఒప్పందం అయింది. అప్పటిదాకా వాళ్లమ్మకు బెంగ లేకుండా కబురు చెప్పి, కొత్త కుంచె ఒకటి తెమ్మని నన్ను నారాయణపేటకు తోలారు. ఉన్న కుంచె మోకును దువ్వి దువ్వి అరిగిపోయింది.

నా అత్తగారికి నా సంగతి తెలుసు. పీట వేసి, నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు అల్లుడా, పిల్ల ఎందుకు రాలే? ఏం లొల్లి పెట్టుకున్నరు?"

జరిగినదంతా చెప్పాను, ఒక్క పోగు కూడా కలపలేదు. ఆమె ముఖం మారలేదు. చివరికి లేచి నిలబడి చొక్కా చూపించాను. అది అదే తెల్లచొక్కా. ఎంత ఉతికినా నడుం చుట్టూ మోకు మచ్చ పోలేదు, పేనిన మెలికలతో సహా ఎర్రగా అచ్చు పడిపోయింది. ఆమె దగ్గరికి వచ్చి ఆ మచ్చ మీద వేలు పెట్టి, మెలిక మెలికా తడుముతూ పోయింది. మెలికలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. ఆమె వేలు ఎక్కడా ఆగలేదు.

"నా బిడ్డ పేనిందే" అన్నది.

లోపలికి పోయి అటక మీంచి కుంచె దించి, దుమ్ము దులిపి, నా సంచిలో పెట్టింది. వాకిలి దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు ఆపింది.

"బర్రెను మోకుతోని లేపింది నమ్ముత. నువ్వు బావిల దిగింది నమ్ముత. ఇద్దరు కలిసొస్తరన్నది గూడ నమ్ముత. గని అల్లుడా, బర్రె పగ్గం తిన్నదంటే మాత్రం నమ్మ."